ఎవరి చేతి ముద్ద

పేరు ఒక్కటే చెప్పాలట. రెండు చెప్పకూడదు, ఫలానా వాళ్ళేమోనని నసగకూడదు, ఆలోచించుకుని మళ్ళీ వస్తానంటే అసలే కుదరదు. లోపలికి పిలవగానే కూర్మయ్య ఎదుట గొంతుక్కూచుని, పసరు గిన్నె రెండు చేతులా పట్టుకుని, ఎవరి చేతి ముద్దలో తనకి మందు కలిసిందో ఆ మనిషి పేరు గట్టిగా పలికి, అప్పుడు గటగటా తాగేయాలి. మందంటే డాక్టరు రాసిచ్చేది కాదు, గిట్టనివాళ్ళు అన్నంలో కలిపి తినిపించేది. అది కడుపులో గూడు కట్టుకుని మనిషిని లోపల్నుంచి పీల్చేస్తుందని, కూర్మయ్య పసరు తాగి కక్కితే తప్ప వదలదని పాతపట్నం చుట్టూ పది ఊళ్ళకీ, అటు ఒడిశాలో మరో పది ఊళ్ళకీ తెలుసు. శ్రీకూర్మం దాటి సముద్రపు ఒడ్డున ఉండే ఎర్రన్నకి ఆ సంగతి తెలిసి వారమే అయింది. పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్మయ్య ఇంటి రేకుల పంచలో గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. పదకొండు దాటింది. ఇంకో గంటలో అతని వంతు. పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరలో, అతని పెళ్ళాం నూకాలు మోకాళ్ళ మీద సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. లోపల అతను పలకబోయే పేరు ఆమెదే.

వండి పెట్టే మనిషిని వెంట తీసుకురావాలన్నది కూర్మయ్య పెట్టిన ఇంకో నియమం. అందుకని ఆ పంచలో అందరూ జంటలు జంటలుగా ఉన్నారు. పెళ్ళికొచ్చిన వాళ్ళలా ఉన్నారు గానీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం లేదు. హిరమండలం నుంచి వచ్చిన రైతు ఒకడు వదినగారికి మూర దూరంలో కూర్చుని, ఆమె ఇచ్చిన వక్కపలుకు నోట్లో వేసుకోకుండా గుప్పిట్లోనే దాచాడు. సారవకోట ముసలమ్మ ఒకావిడ పాలిపోయిన కూతుర్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఎదురుగా కూర్చున్న కూతురి అత్తగారిని కళ్ళతోనే కోసేస్తోంది. ఆ అత్తగారేమో పైట సర్దుకుని కప్పు రేకులు లెక్కపెడుతోంది. పాపం చేసినవాళ్ళు అలాగే పైకి చూస్తారు అనుకున్నాడు ఎర్రన్న. మరుక్షణం నూకాలు ఎటు చూస్తోందో చూశాడు. ఆమె ఎటూ చూడటం లేదు. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి, రెప్పలు వాలి వాలి లేస్తున్నాయి. రాత్రి ఏడ్చిందా? ఏడిస్తే ఎందుకు ఏడ్చింది? తప్పు చేయని మనిషి తెల్లారగట్ల లేచి మొగుడితో బయల్దేరడానికి ఎందుకు ఏడవాలి? పైగా ఎక్కడికి, ఎందుకు అని ఒక్క మాట అడగలేదు. అడక్కపోవడమే అనుమానంగా ఉంది. అడిగి ఉంటే అది కూడా అనుమానంగానే ఉండేదని అతనికి తట్టలేదు.

తన ఈ అలసట నిద్ర చాలకా అంటే, తనకి నిద్రకేం కొదవ. వేటకెళ్ళి వచ్చి, చేపలు ఒడ్డుకి చేర్చి, అన్నం తిని పడుకుంటే పొద్దువాలే దాకా లేవడు. మళ్ళీ ఏడింటికి చాప మీద వాలితే మూడింటికి వేట పిలుపు వచ్చే దాకా ఒకటే నిద్ర. ఎర్రన్న గుర్రు అంటే పేటలో సామెతలా అయిపోయింది. వీధి చివర వల అల్లుకునే వాళ్ళకి కూడా వినపడుతుంది. మనసులో మురికి లేని మనిషి, అందుకే అలా పడుకుంటాడు అనేవాళ్ళు ఆడవాళ్ళు. అంత నిద్రపోయినవాడు లేచేసరికి ఏనుగు తొక్కినట్టు లేస్తున్నాడు. తల బరువు, నాలుక ఎండిపోయి అంగిలికి అతుక్కుని ఉంటుంది. వల బాగుచేస్తూ సూది చేతిలో ఉండగానే కునుకు. ముద్ద నోటి దగ్గర ఉండగానే కునుకు. నలభై ఆరేళ్ళకే ఇలా ఏటి, అని మొదట తనని తనే తిట్టుకున్నాడు. తర్వాత పేటలో ఆరెంపీ దగ్గర సూదులు వేయించుకున్నాడు, ఎర్ర బి కాంప్లెక్సు, పసుపు సెలైను. రెండు రోజులు ఒంట్లో ఏదో కదిలినట్టుండి మళ్ళీ మామూలే. ఉద్దానం వైపు చుట్టాలు ముగ్గురు కిడ్నీలు పాడై పోయారు కనుక, ఇక తనకీ అదేనని ఒక నెల రోజులు రహస్యంగా చచ్చిపోయాడు. శ్రీకాకుళం వెళ్ళి రక్తం తీయించుకుంటే కిడ్నీలు బాగున్నాయన్నారు. చక్కెర లేదన్నారు. రక్తం పదమూడుందన్నారు, థైరాయిడ్ కూడా లేదన్నారు. డాక్టరు కాగితాలు తిప్పి, నిద్ర బాగా పడుతుందా అని అడిగాడు. పడతాది బాబూ, పడితే లేపీవోడు లేడు అన్నాడు ఎర్రన్న గొప్పగా. సరే అయితే ఏమీ లేదు, కాస్త ఒళ్ళు తగ్గించు అని పంపేశాడు. నూకాలు ఆ రోజు తలుపు దగ్గర అతని చెప్పులు పట్టుకుని నిలబడి, బాబూ ఒక్క మాట, అంది. వెనక వాళ్ళు తోసుకుంటూ లోపలికి వచ్చేశారు. ఆ ఒక్క మాట ఏమిటో ఎర్రన్న అప్పుడు అడగలేదు, ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు చల్లబడుతోంది. డాక్టరుకి చెప్పి ఏ మందు మాన్పించాలనుకుందో, లేక ఏ మందు రాయించాలనుకుందో.

ఏమీ లేదంటే నమ్మడం ఎలా? ఏదో ఒకటి ఉండాలి. ఏమీ లేకుండా తండేలు చేతిలోంచి చుక్కాని జారుతుందా? ఇరవై ఏళ్ళు పడవ నడిపిన పెద్ద, హుద్‌హుద్ తుఫాను ముందు రోజు గాలి వాసన చూసి నాలుగు పడవల్ని వెనక్కి తిప్పుకొచ్చిన తండేలు, ఆ తర్వాత రెండేళ్ళకి, మొన్న శ్రావణంలో, పట్టపగలు తొమ్మిది గంటలకి ఒడ్డుకి వస్తూ కెరటాలు విరిగే చోట చుక్కాని మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాడు. కళ్ళు తెరిచేసరికి పడవ అడ్డం తిరిగిపోయింది, సగం చేపలు నీళ్ళలో, కలాసీ ఒకడు నీళ్ళలో. వాణ్ణి లాగి పైకెత్తాక ఒక్కడూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అతను అప్ప అని పిలిచే పెద్దక్క లక్ష్మణమ్మ మొగుడు గంగరాజు మాత్రం నెమ్మదిగా దగ్గరకొచ్చి, "ఒరే ఎర్రన్నా, నువ్వు ముందుకెల్లి కూకో, నాను సూస్తాను" అని చుక్కాని తీసుకున్నాడు. మర్నాడూ తీసుకున్నాడు. ఇప్పటికీ అతనే తీసుకుంటున్నాడు. అందుకే మొదటి అనుమానం గంగరాజు బావ మీదికే పోయింది. పడవలో టీ ఫ్లాస్కు ఆయనదే. ఫ్లాస్కు మూత విప్పి తనకి పోశాకే తను పోసుకునేవాడు, మర్యాద అనుకున్నాడు ఇన్నాళ్ళూ. పది రోజులు ఆ టీ మానేసి చూశాడు. అలసట మానలేదు. టీ లేకపోయేసరికి కునుకు ఇంకో రెండు ఎక్కువే వచ్చాయి. అంటే బావ కాదు. బావ కాకపోతే ఇంట్లోనే.

ఇంట్లో అంటే ఇంట్లో ఎవరున్నారు, కూతురు పెళ్ళయి వెళ్ళాక ఇద్దరే కదా. ఆ మాట అప్పే అంది. అమ్మ పోయాక తనని ఎత్తుకు పెంచిన అప్ప, తన మంచే తప్ప వేరే ఎరగనిది. "లేసేసరికి నోరెండిపోతందా లేదా? అది మందు గురుతు. ఏటకెల్లొద్దు ఎల్లొద్దని అది ఏడాదిగా పోరుతందా లేదా? నువ్వు ఒట్టినే మానవు గనక మానీలా సేసింది." అది నిజం. నూకాలు ఏడాదిగా పోరుతున్న మాట నిజం. జట్టులో కూలీగానైనా ఒడ్డున పని చూసుకో, చుక్కాని ఒగ్గేయ్ అని. మొగుడి చేతిలో చుక్కాని వద్దనే తండేలు పెళ్ళాం ఎక్కడైనా ఉంటుందా? అది కాక ఆ చెయ్యి. రెండు మూడుసార్లు నడిరాత్రి ఉలిక్కిపడి లేచేసరికి నూకాలు తన మొహం మీదికి వంగి ఉంది, వేళ్ళు తన ముక్కు దగ్గర ఉన్నాయి. ఏటే అంటే, ఏటీ నేదు, దోమ, అంది. ఒకసారి గొంతు దగ్గరుంది చెయ్యి. అది కాక బనీను. మొన్న దసరా వెళ్ళిన మర్నాడు బనీను వీపు భాగంలో ఏదో గట్టిగా తగిలితే విప్పి చూశాడు. లోపల గుడ్డముక్క వేసి, దాని కింద వల బెండు పెట్టి కుట్టి ఉంది, నీటి మీద వల తేలడానికి కట్టే బెండు. సన్నటి కుట్టు, నూకాలు కుట్టే. మనిషిని ముంచాలంటే మునగని వస్తువు మీద మంత్రం వేస్తారని చిన్నప్పుడు విన్నాడు, ఎవరు చెప్పారో గుర్తులేదు, అసలు విన్నాడో లేదో కూడా ఇప్పుడు గట్టిగా చెప్పలేడు. బనీను తీసుకెళ్ళి అప్పకి చూపించాడు. అప్ప నోట వచ్చిన మొదటి మాట కూర్మయ్య పేరు.

పేరు పలికితే ఏమవుతుందో ఎర్రన్నకి తెలియక కాదు. మూడేళ్ళ కిందట ఇంకెవరో పసరు వైద్యుడి దగ్గర పేటలోని దానమ్మ పేరు ఇలాగే పలికారు, ఆమె మరిది పలికాడు. పెద్దలు కూర్చున్నారు. ఆ రోజు ఎర్రన్న కూడా ఆ గుంపులో ఉన్నాడు, చేతులు కట్టుకుని, ఏమీ అనకుండా. దానమ్మ ఏం చెప్పుకుందో ఎవరికీ గుర్తులేదు, అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆ తర్వాత ఆమె గంప పక్కన ఎవరూ గంప దించలేదు, ఆటోలో ఆమె ఎక్కితే మిగతావాళ్ళు దిగిపోయేవారు, ఆమె చేతి నుంచి నిప్పు కూడా ఎవరూ పుచ్చుకోలేదు. కొడుకు పెళ్ళి కూడా చూడలేకపోయింది. ఇప్పుడు ఆమదాలవలస స్టేషను బయట ఎండుచేపలు అమ్ముకుంటుంది, రైలు దిగి వచ్చేటప్పుడు ఎర్రన్న అటు మొహం తిప్పుకుని నడుస్తాడు. నూకాలూ అలాగే ఒక మూల గోనెపట్టా మీద కూర్చుంటుందా? నూకాలు గొంతు గట్టిది, బేరం బాగా చేస్తుంది, బతికేస్తుంది. ఈ ఆలోచన వచ్చినందుకు అతనికి తన మీద అసహ్యం వేసింది. ఆ వెంటనే, మందు పెట్టిన దాని మీద జాలి పడేలా చేసేది కూడా మందేనేమో అనిపించింది. ఇరవై ఆరేళ్ళ కాపురం. ఒక్క పేరు. పలక్కపోతే తను పోతాడు, పలికితే అది పోతుంది. ఎవరో ఒకరు మిగలాలి కదా అని లెక్క వేసుకునేంత అలసట అతనిది.

లోపల్నుంచి ఎవరో పేగులు బయటికొచ్చేలా కక్కుతున్న చప్పుడు. కాసేపటికి హిరమండలం రైతు తూలుతూ బయటికొచ్చాడు, చేతిలో ఆముదం ఆకు, ఆకులో మందు. అందరూ మూగారు. ఎర్రన్న కూడా లేవలేక లేచి చూశాడు. నల్లగా, నిమ్మకాయంత ముద్ద, మధ్యలో రెండు వెంట్రుకలు. ఆ రైతు ఏడుస్తున్నాడు, వదినగారు గోడవైపు తిరిగిపోయింది, ఎవరో ఆమె మీద ఉమ్మేశారు. ఎర్రన్న మాత్రం ఆ ముద్దనే చూస్తున్నాడు. అది తనకి తెలుసు. వల ఎత్తినప్పుడల్లా అడుగున చిక్కుకుని వచ్చే సముద్రపు నాచు అది, ఎండితే అలాగే ఉండ చుట్టుకుపోతుంది, రోజూ గుప్పిళ్ళతో పీకి పారేసేది. వాసన కూడా అదే. జన్మలో సముద్రం చూడని మెట్ట రైతు కడుపులోకి సముద్రపు నాచు ఎలా వచ్చింది? కూర్మయ్య చేతిలోంచి వచ్చింది, ఇంకెలా వస్తుంది. గుండె ఒక్కసారి తేలికైంది. కానీ అనుమానం అలవాటైన బుర్ర ఊరుకుంటుందా. కూర్మయ్యకి నాచు ఎవరు తెచ్చిస్తారు? ఒడ్డునుండే వాళ్ళెవరో తెచ్చివ్వాలి. నూకాలు ఎండుచేపలు పట్టుకుని ఈ వైపు సంతలకి రాదా? ఒకవేళ కూర్మయ్యా నూకాలూ కలిసి... కలిసి ఏం చేస్తారు? తనని కక్కిస్తారా? అక్కడికి వచ్చేసరికి ఆ తాడు చివర దొరకలేదు. ఎర్రన్న మళ్ళీ గోడకి చేరగిలబడ్డాడు. ముందు దీన్ని తేల్చుకోవాలి, నాచు సంగతి, బెండు సంగతి, చెయ్యి సంగతి, ఒక్కొక్కటీ తేల్చుకోవాలి, లోపలికి వెళ్ళే ముందు తేల్చుకోవాలి, నాచు, బెండు, రేకుల మీద ఎండ చిటపటమంటోంది, ఎవరో బిడ్డని జోకొడుతున్నారు, చుక్కాని చేతిలోనే ఉంది, ఉందా, ఉంది, నీళ్ళు నున్నగా ఉన్నాయి, గాలి లేదు, గాలి లేకపోతే ఎలా, గాలేదీ, పైకి రావాలి, పైకి ఎటు, నీళ్ళు పైన కూడా ఉన్నాయే...

గొంతులో ఏదో తెగినట్టు పెద్ద చప్పుడుతో గాలి లోపలికొచ్చింది. కళ్ళు తెరిచాడు. పట్టపగలు. నూకాలు అతని మొహం మీదికి వంగి ఉంది. ఒక చేతి వేళ్ళు అతని ముక్కు కింద, రెండో చెయ్యి గడ్డం కింద పెట్టి తల పక్కకి తిప్పుతోంది. పంచలో అందరూ మాటలు ఆపి చూస్తున్నారు. ఎర్రన్న ఆ చెయ్యి విదిలించి కొట్టబోయాడు.

"కొట్టకు బాబూ" అంది సారవకోట ముసలమ్మ. "ఏటి నీ నిద్దర అది. గుర్రెట్టి గుర్రెట్టి టక్కున ఆపీసినావు. సచ్చిపోనావనుకున్నాను. నాను ఇరవై దాకా లెక్కెట్టినాను, ఊపిరి నేదు. నీ ఆడమనిషి కుదిపితే గానీ రానేదు. మా మరిదికీ ఇదే. విశాపట్నం పెద్దాసుపత్రిలో తొంగోబెట్టి పరీచ్చ సేసినారు, నిద్దట్లో గొంతుక మూసుకుపోతాదట, రేత్రంతా ఊపిరికి కొట్టుకుంటే ఒంటికి నిద్దరెక్కడిది అన్నారు. ముక్కుకి తొడుక్కునే మిషనిచ్చినారు. ఇప్పుడు పొలం దున్నతన్నాడు. నీది మందు కాదు బాబూ." అని, ఒళ్ళో పడుకున్న కూతురి తల నిమిరి, వియ్యపురాలి వైపు చూపు విసిరి, "మాదంటే ఏరు. మా పిల్లకి అదే పెట్టింది" అంది.

ఎర్రన్న నూకాలు మొహం చూశాడు. ఏడ్చిన కళ్ళు కావవి. నిద్రలేని కళ్ళు. ఇన్నాళ్ళూ పక్కనే ఉండి ఆ తేడా అతనికి తెలియలేదు.

"ఎప్పట్నుంచే?"

"రెండేళ్ళు దాటింది" అంది నూకాలు, సంచి తాడు సర్దుకుంటూ. "ఎల్లకిలా తొంగుంటేనే ఆగుతాది మావా. పక్కకి తిరిగితే ఆడతాది. తిప్పితే నువ్వు మళ్ళీ ఎల్లకిలా అయిపోతావు. అందుకే బనీనులో బెండెట్టి కుట్టినాను, వీపుకి గుచ్చుకుంటే తిరగవని."

"నాకు సెప్పనేదేటే?"

ఎందుకు చెప్పలేదో అతనికి తెలుసు. వేటకెళ్ళే మనిషి ఎదుట ఊపిరి పోవడం మాట ఎత్తకూడదు. మునగడం, ఆగిపోవడం, తిరిగిరాకపోవడం, ఈ మాటలు వాళ్ళ ఇళ్ళలో గుమ్మం లోపల ఎవరూ పలకరు. తనే ఒకసారి అలాంటి మాట ఏదో అన్నందుకు ఆమె మీదికి కంచం విసిరాడు. అతనికి చెప్పలేక ఆమె ఇంకెవరికి చెప్పి ఉంటుంది? ఆ ప్రశ్నకి జవాబు కూడా వెంటనే తట్టింది. అప్పకి చెప్పింది. "రేత్రిళ్ళు మొగుడి ముక్కు కాడ సెయ్యెట్టి సూస్తందిరా, ఉన్నాడా పోనాడా అని" అని అప్ప తనతో చెప్పినప్పుడు, అది అప్పకి ఎలా తెలిసిందని తను అడగలేదు. అన్నీ అనుమానించాడు, అదొక్కటి అనుమానించలేదు.

"లోపల నా పేరే సెప్తావని తెలుసు" అంది నూకాలు. కోపంగా అనలేదు. "మీ అప్ప నిన్ననే వొచ్చి పెట్టె సద్దుకోమన్నాది."

"తెలిసీ ఎందుకొచ్చినావే?"

"బస్సులో తొంగుంటావు గదా. ఎవులో ఒకలు సూడాల గదా."

ఎర్రన్నకి ఏడుపు వచ్చింది. నలుగురిలో ఏడవడం చేతకాక తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఉండిపోయాడు. జేబులో ఫోను మోగింది. అప్ప. అవతల చాలామంది గొంతులు వినపడుతున్నాయి.

"పేరు పలికేవా?" అంది లక్ష్మణమ్మ. "పెద్దలు కూకున్నారు. నువ్వొచ్చి సెప్పడమే."

"నాకెవులూ ఏటీ పెట్టలేదప్పా. నిద్దట్లో నాకు ఊపిరాడతల్లేదు. అది రెండేళ్ళ బట్టి కాపు కాస్తంది. నా పేణం నిలబెట్టింది అదే."

ఆమె ఫోను చెవి నుంచి తీసినట్టుంది. తర్వాత అప్ప పక్కవాళ్ళతో అంటున్న మాట స్పష్టంగా వినపడింది. "సూసినారా, ఎంత గట్టి మందో. దాని మీద ఈగ వాలనిత్తల్లేదు." మళ్ళీ ఫోన్లోకి వచ్చి, చిన్నప్పుడు జ్వరమొస్తే మాట్లాడినంత మెత్తగా అంది. "నువ్వు బెంగెట్టుకోకు తమ్మూ. దాన్ని తీసుకుని వొచ్చీ. మేం సూసుకుంటాం."

ఆ మెత్తదనమే ఎర్రన్నని భయపెట్టింది. అప్ప అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే నమ్ముతోంది, నిజంగానే తన కోసం ఏడుస్తోంది. ఇక తను ఏం చెప్పినా అది మందు చెప్పిన మాటే అవుతుంది. కాదంటే గట్టి మందు, గట్టిగా కాదంటే ఇంకా గట్టి మందు. ఈ వల తను కూడా అల్లిందే, వారం రోజులుగా రాత్రీ పగలూ కూర్చుని అల్లాడు. కూర్మయ్య పెళ్ళాం గుమ్మంలోంచి తల బయటపెట్టి ఎర్రన్నా, ఎవులు ఎర్రన్నా అని పిలిచింది. నూకాలు అతని మొహం చూసింది. ఎర్రన్న లేచి, గోడ పట్టుకుని ఒక్క క్షణం నిలదొక్కుకుని, చెప్పులు వేసుకుని రోడ్డు వైపు నడిచాడు.

పాతపట్నం బస్టాండులో రెండు బస్సులు ఉన్నాయి. నూకాలు ఒక గ్లాసు టీ తెచ్చి అతని చేతిలో పెట్టి, తను నీళ్ళు తాగింది. "నానిటే టెక్కలి బస్సెక్కీసి బారువ ఎల్లిపోతాను మావా, మా అమ్మ కాడికి. నాలుగు రోజులు పోతే ఆలే సల్లారతారు." అది మంచి మాటే. ఎర్రన్నకి కూడా అంతకన్నా మంచి మాట తోచలేదు. పేటలో ఆమెని గుంపు మధ్యన నిలబెట్టడం తను చూడలేడు. వెళ్ళు అన్నాడు. ఆమె సంచి భుజానికి తగిలించుకుని టెక్కలి బస్సు మెట్టెక్కింది. రెండో మెట్టు మీద ఆగింది. వెనక వాళ్ళు దారి ఇమ్మంటున్నా కదలకుండా కాసేపు కడ్డీ పట్టుకుని నిలబడి, దిగి వచ్చేసింది.

"నాలుగు రేత్రులు నీ కాడెవులుంటారు?" అంది. "మీ అప్ప తొంగుంటే డప్పు కొట్టినా లెగవదు."

"అక్కడ పెద్దలు కూకున్నారు నూకాలూ. అడుగుతారు."

"అడగనీ. రేపు పొద్దున్నే విశాపట్నం ఎల్దాం. ఈ ఒక్క రేత్రి గడవాల గదా."

శ్రీకాకుళం బస్సులో సగం సీట్లు ఖాళీగానే ఉన్నాయి. నూకాలు కిటికీ పక్కన కూర్చుని అతనికి చోటు వదిలింది. ఎర్రన్న కూర్చోలేదు. పై కడ్డీ రెండు చేతులా పట్టుకుని ఆమె సీటు పక్కన నిలబడ్డాడు. కాళ్ళు పీకుతున్నాయి, కళ్ళు మండుతున్నాయి, పొద్దుటి నుంచి కడుపులో ఆ టీ తప్ప ఏమీ లేదు. కూకో మావా అని ఆమె రెండుసార్లు అంది, మూడోసారి అనబోయి మధ్యలోనే తల కిటికీకి ఆనించి నిద్రలోకి జారిపోయింది. రెండేళ్ళ నిద్ర. నోరు కాస్త తెరుచుకుంది. పేటలో దిగగానే పెద్దలకి ఏం చెప్పాలి, ఎలా చెప్తే అది తన మాటే అని నమ్ముతారు, నమ్మకపోతే ముందు తను ఎక్కడ నిలబడాలి, ఎర్రన్న ఒక్కొక్కటే అనుకుంటున్నాడు. మోకాళ్ళు మడత పడబోయినప్పుడల్లా కడ్డీ గట్టిగా పట్టుకుని లేచి నిలబడుతున్నాడు. సారవకోట దాటాక కండక్టరు టిక్కెట్లు కొట్టుకుంటూ వచ్చి, తూలి పడిపోయేలా ఉన్న ఈ మనిషిని చూసి, ఇన్ని సీట్లుండగా నిలబడతావేటయ్యా, కూకో, అన్నాడు.

"కూకుంటే తొంగుంటాను బాబూ" అన్నాడు ఎర్రన్న, గొంతు తగ్గించి. "నాను తొంగుంటే అది లెగిసిపోతాది."